ఫొటోలో బానే ఉంది సార్



నేను ఇరవై ఆరేళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఒక జిల్లా ఆసుపత్రిలో గడిచింది. ఎముకల వార్డు పక్కన, వరండా చివర, మాకొక గది ఉండేది. రెండు బల్లలు, గోడకి బిగించిన చక్రం, నడక నేర్చుకునేవాళ్ళు పట్టుకోవడానికి రెండు కమ్మీలు, ఇంతే సామాను. డాక్టరుగారు ఆపరేషన్ ముగించిన తరవాత, మనిషి ఇంటికెళ్ళి మళ్ళీ తన పనిలో పడేలోపు, మధ్యలో ఉండే వారాలు ఆ గదిలో గడుస్తాయి. వాళ్ళ కాలో చెయ్యో మా చేతుల్లో ఉంటుంది కాబట్టి, నొప్పి మరిచిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. డాక్టరుతో అనలేని మాటలు మాతో అంటారు. ఈరోజు మీకు చెప్పబోయేది చాలావరకు అక్కడ విన్నదే.

ఒక తాపీమేస్త్రి ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. పని ముగించుకుని బండి మీద ఇంటికొస్తుంటే లారీ తగిలింది. మోకాలి కింది ఎముక రెండుచోట్ల విరిగి, చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. లోపల రాడ్డు వేశారు. తొడ మీది చర్మం తీసి గాయం మీద వేశారు. ఎనిమిది నెలల తరవాత చూపించుకోవడానికి వచ్చాడు. డాక్టరుగారు కొత్త ఎక్స్‌రేని దీపానికి ఎదురుగా పెట్టి, "చూడవయ్యా, ఎంత చక్కగా అతుక్కుందో" అన్నారు. మేస్త్రి కాసేపు దానివైపు చూశాడు. "ఫొటోలో బానే ఉంది సార్. పరంజా ఎక్కలేకపోతున్నాను" అన్నాడు.

ఆ డాక్టరుగారు మంచి మనిషి. ప్రమాదం జరిగిన రోజు అర్ధరాత్రి రెండింటికి ఇంటినుంచి పరిగెత్తుకొచ్చి ఆ కాలు నిలబెట్టారు. మేస్త్రి మాటకి ఆయన ముఖం చిన్నబోయింది. కేసు షీటులో మాత్రం "ఫలితం: బాగుంది" అని రాశారు. నేను నా కాగితంలో "మోకాలు 105 డిగ్రీలు వంగుతోంది, సంతృప్తికరం" అని రాసుకున్నాను. మేస్త్రి వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుంటూ వాళ్ళావిడతో, "ఆపరేషన్ ఫెయిలైంది, పద" అన్నాడు.

ఒకే కాలి గురించి ముగ్గురం మూడు తీర్పులిచ్చాం. ఎవరం అబద్ధమాడలేదు. కానీ ఆ కాలితో బతకాల్సినవాడు అతనొక్కడే, అతని తీర్పు ఒక్కటే ఏ కాగితానికీ ఎక్కలేదు. చాలా ఏళ్ళపాటు ఆ మాట నన్ను వదల్లేదు. పెద్ద దెబ్బలు తగిలి బయటపడ్డ మనిషి, తనకి జరిగిన వైద్యం బాగుందో లేదో దేన్ని చూసి తేల్చుకుంటాడు? అప్పటినుంచీ నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళలో ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వచ్చాను.

మొదటి రోజుల్లో తీర్పు ఒకలా ఉంటుంది. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చని మనవాళ్ళంటారు. ఐసీయూ తలుపు బయట, చాప పరుచుకుని కూర్చున్న ఇంటివాళ్ళ నోట ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాలు పోయినా పర్లేదు, చెయ్యి పోయినా పర్లేదు, మనిషి దక్కితే చాలు. ఆ రోజుల్లో వాళ్ళు చూసేవి వేరు. 108 ఎంతసేపటికి వచ్చింది, రక్తం దొరికిందా, లోపల ఏం జరుగుతోందో ఎవరైనా బయటికొచ్చి ఒక్క ముక్క చెప్పారా. మనిషి కళ్ళు తెరిచిన రోజున డాక్టరు కాళ్ళకి దణ్ణం పెడతారు.

ఆరు వారాలు తిరిగేసరికి అదే కుటుంబం, "ఏం చేశారండీ, కాలు వంగదు, రాత్రి నిద్ర లేదు, డబ్బంతా అయిపోయింది" అంటుంది. ఆసుపత్రిలో పనిచేసే మాకు అప్పుడు మనసు కష్టపడుతుంది. ప్రాణం పోసినా విశ్వాసం లేదని నర్సమ్మలు బాధపడటం చూశాను, నేనూ బాధపడ్డాను. తరవాత్తరవాత అర్థమైంది. బలుసాకు మాట ప్రాణం పోతుందనుకున్నప్పటిది. ప్రాణం నిలబడ్డాక మనిషి అన్నం అడుగుతాడు. కూర కూడా అడుగుతాడు. అలా అడుగుతున్నాడంటే కోలుకుంటున్నాడని నేను సంతోషించాలి.

2022లో మనదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని కేంద్ర రవాణాశాఖ లెక్క. 1,68,491 మంది చనిపోయారు. 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళ గురించి పేపర్లో చదువుతాం, సభల్లో మాట్లాడతాం. నాలుగున్నర లక్షలకి దగ్గరగా ఉన్న ఆ చివరి అంకె, ప్రమాదం జరిగిన రోజున రాసుకున్నది. ఏడాది తరవాత వాళ్ళలో ఎవరు పరంజా ఎక్కారు, ఎవరు మంచంలో ఉన్నారు అన్నది ఆ లెక్కలో ఉండదు.

దెబ్బ ఎంత పెద్దదో కొలవడానికి వైద్యంలో మంచి కొలతలే ఉన్నాయి. 1974లో అమెరికాలో సూసన్ బేకర్, ఆమె తోటివాళ్ళు కలిసి తయారుచేసిన కొలత ఒకటుంది. ఒంట్లో ఏ భాగానికి ఎంత దెబ్బ తగిలిందో చూసి 75 వరకు మార్కులు వేస్తారు, 15 దాటితే తీవ్రగాయం కింద లెక్క. అదే ఏడాది గ్లాస్గో నగరంలో తలకి దెబ్బ తగిలినవాళ్ళ స్పృహని కొలిచే పద్ధతి వచ్చింది. ఎంతోమంది ప్రాణాలు నిలవడానికి ఇవి తోడ్పడ్డాయి. అయితే ఈ మార్కులన్నీ డాక్టరు వేసేవి, దెబ్బకి వేసేవి. మనిషి వేసే మార్కుల సంగతి ఎవరైనా అడిగారా అని వెతికితే, నాకు కనువిప్పు కలిగించిన పరిశోధన ఒకటి దొరికింది.

1990ల్లో అమెరికాలో ఎనిమిది పెద్ద ట్రామా ఆసుపత్రులు కలిసి, కాలు నుజ్జయిపోయి వచ్చిన 569 మందిని రెండేళ్ళపాటు గమనించాయి. కాలు నిలబెట్టడం మేలా, తీసెయ్యడం మేలా అన్నది వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది. కాలు నిలబెట్టినవాళ్ళే నయంగా ఉంటారని మనమైతే అనుకుంటాం. రెండేళ్ళ తరవాత చూస్తే రెండు రకాలవాళ్ళ బతుకులోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండువైపులా మళ్ళీ పనిలోకి వెళ్ళగలిగినవాళ్ళు దాదాపు సగం మందే. ఆ తరవాత 2008లో, వాళ్ళలో 463 మంది మాటలు తీసుకుని, తమకి జరిగిన వైద్యంతో ఎవరు తృప్తిపడ్డారు, ఎందుకు తృప్తిపడ్డారు అని లెక్కవేశారు.

గాయం ఎంత పెద్దదన్నదానికీ తృప్తికీ సంబంధం కనిపించలేదు. కాలు ఉంచారా తీసేశారా అన్నదానికీ సంబంధం లేదు. ఆడా మగా, చదువు, వయసు, ఇవేవీ తేడా తేలేదు. తేడా తెచ్చినవి ఐదే ఐదు: మళ్ళీ పనిలోకి వెళ్ళగలిగాడా, మనసు కుంగిపోయి ఉన్నాడా, ఒళ్ళు మాట వింటోందా, తన మామూలు నడకలో ఎంత వేగంగా నడవగలుగుతున్నాడు, నొప్పి ఎంతుంది.

ఆ ఐదింటినీ మరోసారి మనసులో అనుకుని చూడండి. మా మేస్త్రి వరండాలో చెప్పులేసుకుంటూ అన్నది ఇందులో మొదటిదే. డాక్టరుగారు ఎముకకి మార్కులు వేశారు, నేను మోకాలికి వేశాను. అతను తన పనికి వేసుకున్నాడు.

ఇక్కడ మా విద్యకి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. చదునైన నేల మీద నడవడానికి మోకాలు సుమారు 70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. కుర్చీలోంచి లేవాలంటే 90, 100 కావాలి. అందుకని మా పుస్తకాల్లో 105 డిగ్రీలంటే మంచి మోకాలు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు కుర్చీల్లో పుట్టి కుర్చీల్లో పెరిగినవాళ్ళు. మనం నేల మీద పుట్టినవాళ్ళం. గొంతుక్కూర్చోవాలంటే మోకాలు 130 డిగ్రీల వరకు వంగాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలన్నా ఇంచుమించు అంతే, పైగా తుంటి పక్కకి తిరగాలి. ఊళ్ళో మరుగుదొడ్డి నేలమట్టం. నాటు వేసేది వంగి, కలుపు తీసేది గొంతుక్కూర్చుని. పెళ్ళిపీటల మీద కూతురి చెయ్యి పట్టుకుని కన్యాదానం చేసేది కూర్చునే. మా మేస్త్రికి గోడ కడదామంటే పరంజా ఎక్కాలి, బండలు పరుద్దామంటే గొంతుక్కూర్చోవాలి. నేను సంతృప్తికరం అని రాసిన మోకాలు అతన్ని రెండు పనులకీ పనికిరాకుండా చేసింది. ఆ రాత తప్పని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఈ తేడాని నాకన్నా ముందే, నాకన్నా బాగా కనిపెట్టినవాళ్ళున్నారు. జైపూర్‌లో సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ. కాళ్ళు పోయినవాళ్ళకి విదేశీ నమూనా కృత్రిమ పాదాలు బిగించి పంపిస్తుంటే, కొన్నాళ్ళకి వాళ్ళు వాటిని అవతల పడేసి చంకకర్రలతోనే తిరుగుతున్నారని గమనించారు. ఆ పాదానికి బూటు తప్పనిసరి. బూటేసుకుని పొలంలో దిగలేరు, గుడిలోకి వెళ్ళలేరు, వంటింట్లోకి రాలేరు. చీలమండ దగ్గర వంగదు కాబట్టి గొంతుక్కూర్చోలేరు. ఆసుపత్రి లెక్కలో అది విజయం, పెట్టుకున్నవాడి లెక్కలో అది బరువు. అదే ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు ఉండేవారు. పెద్ద చదువులు చదివినవారు కాదు, చేతుల్లో విద్య ఉంది. వీళ్ళ శ్రమతో 1968లో వచ్చిందే జైపూర్ పాదం. రబ్బరుతో చేసింది, చూడటానికి మనిషి పాదంలా ఉంటుంది, బూటు అక్కర్లేదు. బురదలో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వెయ్యొచ్చు. రోగి పారేసిన వస్తువుని చూసి, తప్పు రోగిదనుకోకుండా వస్తువుదనుకున్న డాక్టరుకి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను.

ఆ పాదంతో నాట్యం చేసిన అమ్మాయిని తెలుగువాళ్ళు మరిచిపోలేదు. సుధాచంద్రన్ కాలు 1981లో తమిళనాట జరిగిన బస్సు ప్రమాదం తరవాత పోయింది. జైపూర్ పాదం పెట్టుకుని సాధన చేసి 1984లో మళ్ళీ వేదిక ఎక్కింది. సింగీతం శ్రీనివాసరావుగారు ఆ కథని 1985లో 'మయూరి'గా తీశారు, తన పాత్ర తనే వేసింది. ఆ సినిమా వచ్చి చాలా ఏళ్ళయినా, కాలు పోయిన ఆడపిల్ల మా గదికొస్తే వాళ్ళమ్మ నోట మయూరి పేరు వచ్చేది. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా గట్టిగా తాకింది ఒకటే. ఆ అమ్మాయికి 'నడవగలిగావు కదా, చాలదా' అంటే చాలలేదు. తన వైద్యం పూర్తయిందో లేదో తనే నిర్ణయించుకుంది, దానికి గుర్తు నాట్యం.

నడక విషయంలోనే నేను పడ్డ మరో పొరపాటు చెబుతాను. తాటిచెట్టు మీదనుంచి పడి వెన్ను విరిగిన గీతకార్మికుడొకడు మా దగ్గరికి వచ్చేవాడు. నడుం కింద స్పర్శ లేదు. ముప్ఫయ్యేళ్ళవాడు, ఇద్దరు చిన్నపిల్లలు. వాణ్ణి ఎలాగైనా కమ్మీల మధ్య నిలబెట్టాలని నా తపన. కాళ్ళకి ఇనప పట్టీలు కట్టి, ఇద్దరం పట్టుకుని లేపేవాళ్ళం. వాడు ఓర్చుకునేవాడు. ఒకరోజు మెల్లిగా, "మేడం, నిలబడటం తరవాత చూద్దాం. ముందు ఒంటికి రెంటికి నేను సొంతంగా వెళ్ళే దారి చెప్పండి. నా పెళ్ళాం చేత చేయించుకుంటుంటే చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నాడు.

2004లో అమెరికాలో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్నుపాము దెబ్బతిన్న 681 మందిని ఒక ప్రశ్న అడిగింది. మీకు ఏది తిరిగొస్తే బతుకు బాగుపడుతుంది? చేతులూ కాళ్ళూ పడిపోయినవాళ్ళలో ఎక్కువమంది చేతులన్నారు. నడుం కింద పడిపోయినవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకున్నది దాంపత్య జీవితం. మలమూత్రాల మీద అదుపు రెండు రకాలవాళ్ళూ కోరుకున్నారు. అందరూ ముందు నడకే అడుగుతారనుకునే మనకి అది పాఠం. మా గీతకార్మికుడు ఆ మాట అన్నప్పుడు ఈ పరిశోధన సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా, నేను ముందే అడిగి ఉంటే వాడే చెప్పేవాడు. అక్కణ్ణుంచి గొట్టం సొంతంగా పెట్టుకోవడం, వేళకి ఖాళీ చేసుకోవడం, మంచంలోంచి చక్రాల కుర్చీలోకి జరగడం నేర్చుకున్నాడు. నెలరోజుల్లో ముఖంలో కళ వచ్చింది. ఇప్పుడు రోడ్డు పక్కన చిన్న కొట్టు పెట్టుకున్నాడు. నిలబడింది మాత్రం లేదు.

అటువంటివాళ్ళని చూసి బయటివాళ్ళు, "అదీ ఒక బతుకేనా" అంటారు. ఆసుపత్రి సిబ్బందీ అంటారు. 1994లో అమెరికాలో అత్యవసర విభాగాల్లో పనిచేసేవాళ్ళని అడిగారు, మీకే వెన్నుపాము దెబ్బతింటే బతికున్నందుకు సంతోషిస్తారా అని. 100కి 18 మంది మాత్రమే అవునన్నారు. నిజంగా ఆ దెబ్బ తగిలి బతుకుతున్నవాళ్ళని అడిగితే 100కి 92 మంది సంతోషమే అన్నారు. ఆ రెండు అంకెల మధ్య దూరం చూస్తే నాకు భయమేస్తుంది. ప్రాణాపాయంలో ఉన్నవాడి పక్కన నిలబడి, ఇతన్ని బతికించి ఏం లాభమని లోలోపల అనుకునే మనిషి చేతిలోనే కదా ఆ క్షణాన అతని ప్రాణం ఉండేది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మనిషి తీర్పు కాలంతో మారుతుంది. మూడో నెలలో తన్ని తాను ప్రమాదానికి ముందున్న మనిషితో పోల్చుకుంటాడు, కుమిలిపోతాడు. రెండో ఏడు వచ్చేసరికి మంచంలో పడున్న రోజులతో పోల్చుకుంటాడు, ఎంత నయమో అంటాడు. కాలు అదే, నొప్పీ ఇంచుమించు అదే, కొలత మారింది. అందుకని రోగి మాటకి విలువ లేదని వాదించే డాక్టర్లని చూశాను. నేనొప్పుకోను. ఆ మార్పు అతను పడ్డ కష్టంలోంచి వచ్చింది, అదీ కోలుకోవడంలో భాగమే. అందుకే ఒక్కసారి అడిగి ఊరుకోకూడదు, మళ్ళీ మళ్ళీ అడగాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గాయపడ్డవాడికి బాగా పరిచయమైన కొలత సదరం శాతం. క్యాంపుకి వెళ్ళాలి, డాక్టర్లు చూడాలి, ఇంత శాతం వైకల్యమని కాగితం ఇవ్వాలి. 40 చేరితే ఒక బతుకు, చేరకపోతే ఇంకో బతుకు. 38 వచ్చిందని మా గదిలో ఏడ్చిన మనుషులున్నారు. తన బాధకి రెండు మార్కులు తక్కువయ్యాయని ఏ మనిషికి నచ్చజెప్పగలం? శాతాలు లెక్కకి కావాలి, కాదనను. కానీ అవి అవయవానికి వేసేవి. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సంగతే తేటగా చెప్పింది. ఎడమచెయ్యి పోతే వైకల్యం 60 శాతమని డాక్టరు రాయొచ్చు. చెయ్యి పోయినవాడు డ్రైవరో వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు నూటికి నూరూ పోయినట్టే. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడొచ్చు, సంపాదన తగ్గకపోవచ్చు. కాబట్టి నష్టపరిహారం లెక్కకట్టేటప్పుడు ఆ మనిషి ఏం పనిచేసి బతుకుతున్నాడో చూడాలని ఆ తీర్పు సారాంశం. కోర్టు అడగమన్న ప్రశ్న వార్డులో మేమెందుకు అడగమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కేసు షీటులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. "కూలీ" అని రాసి వదిలేస్తాం. ఏం కూలీ?

రోగి తీర్పులో ఇంకొకటి ఉంది, అది ఎముకలకీ పనికీ సంబంధించింది కాదు. ఇరవై నాలుగేళ్ళ లారీ క్లీనరు, చక్రం కింద కాలు పడింది. ఏడు ఆపరేషన్లయ్యాయి. చీము ఆగలేదు. చివరికి మోకాలి కింద తీసేశారు. కృత్రిమ కాలుతో నడక నేర్పడానికి నా దగ్గరికి పంపారు. వచ్చిన మొదటి రోజే, "ఇది మంచి ఆసుపత్రి మేడం" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. కాలు పోయింది కదయ్యా అంటే, "పోయింది. కానీ ఎందుకు తీస్తున్నారో మా అమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పారు. రెండు రోజులు ఆలోచించుకోమన్నారు. నన్నడిగి తీశారు" అన్నాడు.

కోయంబత్తూరులో గంగా హాస్పిటల్ డాక్టర్లు ఇలాంటి కాళ్ళకి మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచేసి 2006లో ప్రకటించారు. చర్మం, ఎముక, కండరాలు ఎంత పోయాయో చూసి వేస్తారు. 14 లోపుంటే కాలు నిలబెట్టవచ్చు, 17 గానీ అంతకు మించి గానీ వస్తే తీసెయ్యడమే మేలు. మధ్యలో 15, 16 వచ్చినవాళ్ళ సంగతి ఒక్కొక్కరినీ చూసి తేల్చుకోవాలి. ఎంతో అనుభవంతో కట్టిన లెక్కలో కూడా మనిషిని పిలిచి మాట్లాడాల్సిన చోటు ఒకటి మిగిలింది, చూశారా. అలా మాట్లాడిన డాక్టరు చేతిలో కాలు పోగొట్టుకున్న కుర్రాడు కృతజ్ఞతగా ఉన్నాడు. అదే వార్డులో కాలు దక్కిన పెద్దాయన ఒకరు రగిలిపోతుండేవారు. ఆయన తొడ ఎముక విరిగింది. రౌండ్లలో ఆయన్ని "ఏడో నంబరు బెడ్డు ఫీమర్" అనేవాళ్ళం. డ్రెస్సింగు విప్పేముందు ఒక్క మాట చెప్పేవాళ్ళు కాదు, సర్రున లాగేవాళ్ళు. "నేను బడిలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పానమ్మా, ఇక్కడ నా పేరు ఫీమర్" అన్నారు నాతో. ఆయన నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఎవరికీ చెప్పలేదు.

పెద్ద గాయాలకి కూడా కొందరు పుత్తూరు కట్టుకి వెళ్ళడం వెనక ఇలాంటిదే ఉందనుకుంటాను. చర్మం తెగి ఎముక బయటికొస్తే కట్టుతో ఆగదు, చీముపట్టి కాలు పోవచ్చు, దయచేసి ఆసుపత్రికే వెళ్ళండి. అయినా అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు ఏం చెబుతారంటే, చేత్తో తడిమి చూశారు, మాట్లాడారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. ఆ మూడు మాటల్నీ మేం చెవినపెట్టాలి.

వైద్యం అయ్యాక ఏమైందో వెంటపడి తెలుసుకోవాలన్న ఆలోచన నిన్నటిది కాదు. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఉండేవారు, 1869లో పుట్టారు. ప్రతి రోగికీ ఒక కార్డు రాసి, ఏడాది తరవాత మళ్ళీ పిలిపించి, బాగుపడ్డాడా లేదా, లేకపోతే ఎందుకు బాగుపడలేదు అని రాసి అందరికీ చూపించాలన్నారు. తోటి డాక్టర్లకి రుచించలేదు. 1914లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వదులుకున్నారు. తను పెట్టుకున్న చిన్న ఆసుపత్రినుంచి 1911, 1916 మధ్య ఇంటికెళ్ళిన 337 మంది ఫలితాలని అచ్చువేశారు, అందులో 123 పొరపాట్లు జరిగాయని తనే రాసుకున్నారు. అలా రాసుకున్న డాక్టరుని అప్పట్లో పెద్దగా ఎవరూ మెచ్చుకోలేదు. 1940లో చనిపోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2014లో పెట్టారు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఆ పని చేస్తోంది. అక్కడ తీవ్రంగా గాయపడ్డవాళ్ళకోసం 2001లో మొదలైన రిజిస్ట్రీ ఉంది. బతికి బయటపడ్డవాళ్ళకి ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి ఫోన్ చేస్తారు. పనిలోకి వెళ్తున్నారా, నొప్పి ఉందా, ఎలా ఉన్నారు అని అడుగుతారు. ఫోనే కదా. మన ఊళ్ళలో ఫోన్ లేని ఇల్లేది? రోగి నంబరు మా కేసు షీటులో ఉంది. చెయ్యాలన్న బుద్ధి, ఒక మనిషి, రోజుకో గంట చాలు. నేను ఉద్యోగంలో ఉండగా ఈ మాట పైవాళ్ళకి రెండుసార్లు రాసిచ్చాను, జవాబు రాలేదు. ఇప్పుడు మళ్ళీ, మీ అందరి ముందు అడుగుతున్నాను.

నా వరకు నేను, ఆఖరి తొమ్మిదేళ్ళు, ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. మా గదికి వచ్చిన మొదటిరోజే ప్రతివాళ్ళనీ ఒకటే అడిగేదాన్ని: ఇంటికెళ్ళాక అన్నిటికన్నా ముందు ఏం చెయ్యాలనుంది? ట్రాక్టరు ఎక్కాలి. నమాజుకి వంగాలి. కుట్టుమిషను తొక్కాలి. బాత్రూం తలుపు లోపలినుంచి గడియ పెట్టుకోవాలి. హారన్ వినపడితే గుండె దడదడలాడకుండా రోడ్డు దాటాలి. డిగ్రీల ముందు ఆ మాట రాసేదాన్ని, వ్యాయామాలు దాన్నిబట్టే నేర్పేదాన్ని, ఏడాదికి నా ఫోన్‌నుంచే పలకరించేదాన్ని. మేస్త్రిని కూడా మళ్ళీ పిలిపించాను. మూడు నెలలు చీలమండ మీద, మోకాలి మీద పనిచేశాం. పరంజా మీద మొదటి వరస ఎక్కగలిగాడు. రెండో వరస ఎక్కలేకపోయాడు.

ఆ నోటుబుక్కులో యాభై రెండేళ్ళ ఆవిడ ఒకరున్నారు. షేర్ ఆటో బోల్తాపడి తొడ ఎముకా, పిక్క ఎముకా రెండూ విరిగాయి. నా ప్రశ్నకి ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మాయికి ఏడో నెలమ్మా. పుట్టిన బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నేనే నీళ్ళు పొయ్యాలి." అంటే నేల మీద పీట వేసుకుని, రెండు కాళ్ళూ బారజాపి, వాటి మధ్య పసిగుడ్డు జారిపోకుండా దగ్గరగా పెట్టి, నడుం వంచి, ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో నలుగు పెట్టాలి. ఆ భంగిమ మా పుస్తకాల్లో లేదు. గదిలో నేల మీద దుప్పటి పరిచి, దిండుని బిడ్డనుకుని, రోజూ అదే చేయించాను.

ఏడాది నిండకముందే ఫోన్ చేశాను, ఆగలేక. అవతల పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, చెంబు చప్పుడు వినపడుతోంది. ఎలా ఉన్నారమ్మా అన్నాను. "ఎవరూ, ఫిజియో మేడమా? ఆగండాగండి, వీడి కంట్లో సున్నిపిండి పడింది, నీళ్ళు చల్లారిపోతున్నాయి. మళ్ళీ చేస్తాను" అని పెట్టేశారు.